కన్ను ఆడినంతసేపు

మా కాలేజీ బంట్రోతు ఇన్నయ్య సైకిలుకు చైను ఊడే అలవాటుంది. ఎత్తు ఎక్కేచోటే ఊడుతుంది. తార్నాక చౌరస్తా దాటి హబ్సిగూడ దారి పట్టగానే కొంచెం ఎత్తు తగులుతుంది, అక్కడ ఊడుతుంది, అతను దిగి పుల్ల ఏరుకుని గ్రీజులో వేళ్ళు పెట్టి దాన్ని పళ్ళకు తగిలిస్తాడు, ఆ చేతులు గడ్డికి తుడుచుకుంటాడో లేదో, తుడుచుకోకుండా సీసా అందుకుంటే జారుతుంది, జారితే మట్టిమీద పడుతుందా రాతిమీద పడుతుందా అన్నది కూడా నేను ఇక్కడ కూర్చునే చూసేస్తున్నాను, రాతిమీదే పడుతుంది, ఆ దారిలో మట్టి ఎక్కడుంది, అంతా బండ. సీసాను వెనక క్యారియరుకు కట్టొద్దు, తువ్వాలలో చుట్టి రొమ్ముకు కట్టుకో అని రెండుసార్లు చెప్పాను. పసిపిల్లను తెచ్చినట్టు తెస్తా తియ్యి అక్కా అని నవ్వి పోయాడు. పసిపిల్లను ఎవరైనా సైకిలు మీద తెస్తారా. పదీ పదికి బయల్దేరాడు, ఇప్పుడు పదీ ఇరవై. పోవడానికి ఇరవై నిమిషాలు, అక్కడి లేబరేటరీలో సార్ రాసిచ్చిన చీటీ చూపించి క్లోరోఫారం ఇప్పించుకోవడానికి పది, తిరిగి రావడానికి ఇరవై, అంతా సవ్యంగా జరిగితే పదకొండుకు ఇక్కడ ఉండాలి. పరీక్ష పెట్టడానికి బయటినుంచి వచ్చిన కొండలరావు గారు పదకొండుంబావు దాకా ఆగుతానన్నారు. అప్పటికీ మొదలు కాకపోతే పరీక్ష జరగలేదని కాగితం రాసిచ్చి రైలెక్కుతారు. మధ్యలో మిగిలింది పదిహేను నిమిషాలు. ఒక చైను ఊడడానికి అది సరిపోతుంది, రెండుసార్లు ఊడితే చాలదు.

నా వెనక జంతువుల గది తలుపు, తలుపుకు తాళం, తాళంచెవి నా నడుములో కుచ్చెళ్ళ దగ్గర. స్టూలు మీద ఇటు అటు కదిలినప్పుడల్లా గుచ్చుకుంటోంది, గుచ్చుకుంటేనే నయం, ఉన్నట్టు తెలుస్తుంది. లోపల రెండు తొట్లలో తడిగోనె కింద ఇరవై నాలుగు కప్పలు. మొన్న రాజలింగం రామంతాపురం చెరువులో పట్టి తెచ్చాడు. గోనె మూతి బిగించి కట్టకూడదని, నీడపట్టున నడవాలని, దారిలో కల్లు దుకాణం ముందు దించి కూర్చోకూడదని నేను పెట్టే షరతులు రాజలింగం ఊరంతా చెప్పి నవ్విస్తాడు, ఆడపిల్లను అత్తగారింటికి తోలేటప్పుడు కూడా ఇన్ని చెప్పరట. చెప్పనీ. షరతులు పెట్టకముందు సంచికి ఆరేడు చచ్చి వచ్చేవి, పెట్టాక ఒక్కటీ రాలేదు. తలుపుకు చెవి ఆనిస్తే లోపల మెత్తటి చప్పుడు వినిపిస్తోంది, నానబెట్టిన బియ్యంలో చెయ్యి పెట్టి కలిపినట్టు. పొద్దున మత్తుమందు చూపించిన నాలుగూ ఇప్పుడు మళ్ళీ తేరుకుని ఉంటాయి. వాటికి తల తిరుగుతూ ఉంటుందా. నాకు ఒకసారి పన్ను పీకినప్పుడు సూది సగమే పట్టింది, ఆ సగం పట్టినప్పటి సంగతి నాకు ఇప్పటికీ పంటిలో ఉంది, డాక్టరు నొప్పి లేదమ్మా లేదమ్మా అంటూనే పీకాడు, లేనిది ఆయనకు.

ఎదురుగా మెట్లమీద ఇరవై నలుగురు పిల్లలు తెల్ల కోట్లు తొడుక్కుని, ఒళ్ళో కత్తెర డబ్బాలు పెట్టుకుని కూర్చున్నారు. బీయస్సీ ఆఖరి ఏడు, జువాలజీ ప్రాక్టికల్. ఇప్పటికి మూడుసార్లు ఆగింది. ఒకసారి ఊరేగింపు, ఒకసారి కర్ఫ్యూ, మూడోసారి ఎందుకు ఆగిందో నోటీసు బోర్డు కూడా చెప్పలేదు. ఏడు నెలలుగా కాలేజీ నడిచిన రోజులు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. ఆ పిల్లల్లో మూడో మెట్టు మీద, స్తంభానికి వీపు ఆనించి కూర్చున్నది నా కూతురు అమృత. నావైపు చూడడం లేదు. చూడొద్దని చెప్పింది నేనే. ఈ కాలేజీలో సీటు వచ్చిన రోజు రాత్రి అన్నం పెడుతూ చెప్పాను, అక్కడ నన్ను అమ్మా అనకు, నేను జంతువుల గది చూసే మనిషిని, పంజరాలు కడిగే మనిషి బిడ్డ అని పిల్లలు నిన్ను ఆటపట్టిస్తారు, కుందేలుపిల్ల అని పేరు పెడతారు, ఆ పేరు పెళ్ళిదాకా వస్తుంది. అమృత ముద్ద చేతిలో పట్టుకుని నావైపు తిరిగింది. నాకేం సిగ్గు లేదమ్మా అన్నది. నాకు భయం అన్నాను. మూడేళ్ళు మాట నిలబెట్టింది. పొద్దున ఇద్దరం తార్నాకలో ఒకే గడప దాటి, రోడ్డు మలుపు దగ్గర విడిపోయి, ఆమె ముందు, నేను వెనక. నేను వెనక ఎందుకంటే ఆమెమీద ఏదన్నా వాహనం వస్తుందేమో చూసుకోవచ్చు.

మా ఆయన లక్ష్మయ్య లాలాగూడ వర్క్‌షాపులో ఫిట్టరు. ఆయన చెప్పేది ఒకటుంది, రైల్వేలో సిగ్నలు లేస్తే బండి ఆగుతుంది, మా ఇంట్లో ఈమె భయానికి సిగ్నలు లేవనే లేవదు అని. సైరను అయిదు నిమిషాలు ఆలస్యమైతే నేను ఆయన చెయ్యి మిషన్లో పడడం, ఆసుపత్రి, మా మరిది మౌలాలి నుంచి ఏడ్చుకుంటూ రావడం, అన్నీ చూసి ముగిస్తాను. పిల్లలు నిద్రపోతుంటే ముక్కు కింద వేలు పెట్టి చూస్తాను. పసితనంలో అందరూ చూస్తారు, నేను మానలేదు. అమృతకు ఇరవై వచ్చాయి, పోయిన నెల కూడా పెట్టాను, కళ్ళు తెరవకుండానే అన్నది, బతికే ఉన్న, పండుకో. పక్క మంచంమీద మా ఆయన నవ్వు ఆపుకోలేక దగ్గాడు. నాకూ నవ్వు వచ్చింది. నవ్వుతూనే ఆయన ముక్కు కింద కూడా పెట్టాను.

ఈ వేలే నాకు ఇక్కడ ఉద్యోగం ఇప్పించింది. మొదట ఊడ్చే పనికి వచ్చాను. ఐదో తరగతి చదివిన దాన్ని, సంతకం చేస్తాను, పేపరు కూడబలుక్కుంటాను. జంతువుల గది చూసే శ్రీనివాసులు సార్ కడప జిల్లా మనిషి, చేతులు వెనక కట్టుకుని నడుస్తాడు. ఒకరోజు మూడో పంజరంలో కుందేలు తినడం లేదని ఆయనకు చెప్పాను. మధ్యాహ్నం మళ్ళీ చెప్పాను, సాయంత్రం ఆయన స్కూటరు తీస్తుంటే ఎదురు నిలబడి చెప్పాను. విసుక్కుంటూ వచ్చి చూస్తే దాని పళ్ళు పెరిగి నోరు మూతపడడం లేదు. మే నెలలో కిటికీలకు గోనెలు కట్టి గంటగంటకూ తడపడం నేను మొదలుపెట్టాను, ఎవరూ చెప్పలేదు, ఇంట్లో మా వాళ్ళకు కట్టినట్టే కట్టాను. నీ మాదిరి బయపడే మనిసి ఈ గదికి కావాలనుకుంటాంటి అన్నాడు సార్. నా బతుకులో నా భయాన్ని పనికొచ్చే వస్తువులాగా చూసిన మొదటి మనిషి ఆయన. అందుకే గొడవలప్పుడు, ఆ జిల్లావాళ్ళూ ఈ జిల్లావాళ్ళూ అని మాటలు పెరిగినప్పుడు, ఆయన ఇంటిమీద రాయి పడుతుందేమోనని వారంపాటు రోజూ అడిక్‌మెట్ మీదుగా చుట్టు తిరిగి ఇంటికి పోయాను, ఆయన కిటికీ అద్దం ఉందో లేదో చూసుకుని. ఉండేది. ఆయనకు ఈ సంగతి తెలియదు.

పోయినేడు ఢిల్లీనుంచి ఒక కాగితం వచ్చింది, సైక్లోస్టైలు కొట్టింది, ఇంగ్లీషులో. సార్ నన్ను పిలిచి కూర్చోబెట్టి ఒక్కొక్క వాక్యం తెలుగులో చెప్పాడు. చదువుకోసం జంతువుకు కత్తి పెట్టేచోట దానికి బాధ తెలియకుండా మందు ఇవ్వాలి, మందు చాలినంత బలంగా ఉండాలి, అది చూసుకునే బాధ్యత ఒకరి మీద ఉండాలి. ఆ ఒకరు ఎవరు సార్ అని అడిగాను. పెద్ద పేర్లు కాగితంమీద ఉంటాయమ్మా, గదిలో ఉండేది నువ్వు అన్నాడు. ఆ కాగితం రాకముందు సంగతి నేను ఆయనకు అప్పుడు చెప్పాను. నేను చేరిన కొత్తలో ప్రాక్టికల్ హాల్లో నేల తుడుస్తున్నాను. ఒక పిల్లవాడు కప్పను మైనం పలకమీద నాలుగు సూదులు గుచ్చి పొట్ట తెరిచి, పుస్తకంలో బొమ్మ వెతుక్కుంటున్నాడు, మంచి పిల్లవాడే, చెమటలు పడుతున్నాయి, మార్కుల భయం. వాడు పుస్తకం చూస్తున్నాడు, కప్ప నన్ను చూస్తోంది. కన్ను లోపలికి దిగి మళ్ళీ పైకి వచ్చింది, కిందినుంచి పల్చటి తెర ఒకటి లేచి కన్ను కప్పి మళ్ళీ దిగింది. నేను తడిగుడ్డ వదిలేసి ఆ కన్నుమీద నా చెయ్యి కప్పాను. అంతకంటే ఏం చెయ్యాలో నాకు తెలియలేదు. పిల్లవాడు అది వట్టి నరాల కదలిక అన్నాడు. అయిండవచ్చు. ఆ రాత్రి నేను వంకాయ కోయలేకపోయాను, అమృతే కోసింది.

అది విని సార్ ఒక జాడీ తెప్పించి నేర్పాడు. దూదికి క్లోరోఫారం పట్టించి జాడీలో వేసి, కప్పను పెట్టి మూత వేయాలి. నిమిషాలు లెక్కపెట్టాలి. తీసి వెల్లకిలా పడుకోబెట్టాలి, తిరగబడకూడదు. కాలివేలు నొక్కాలి, లాక్కోకూడదు. ఆఖరున చిటికెనవేలు తడి చేసుకుని కంటిని తాకాలి. కన్ను లోపలికి దిగిందంటే ఇంకా లేదు, మళ్ళీ జాడీలోకి. దిగకపోతేనే ట్రేలో పెట్టి, ట్రే అంచుమీద సుద్దతో టిక్కు పెట్టాలి. టిక్కు లేని ట్రే ఈ గది గడప దాటదు. ఇది ఆయనా నేనూ కలిసి పెట్టుకున్న పద్ధతి. పిల్లలు నన్ను పెద్దమ్మ అంటారు, మొదట్లో నవ్వారు. పెద్దమ్మ ముద్ర పడిందా అని ఒకర్నొకరు అడుగుతారు, చింతపండు కూడా పెద్దమ్మ తాకనిదే కొనొద్దట అంటారు. ముద్ర లేకుండా మాత్రం ఎవరూ ఎత్తరు. ఒకమ్మాయి నా దగ్గరకు వచ్చి చెవిలో చెప్పింది, నీ టిక్కు ఉంటే నా చెయ్యి వణకదు పెద్దమ్మా అని. ఆ మాట నేను మా ఆయనకు నాలుగుసార్లు చెప్పాను.

పదీ ముప్పై అయిదు. ఇన్నయ్య ఈపాటికి అక్కడ చేరి ఉండాలి. చీటీ తీసుకునే మనిషి టీ తాగడానికి పోయి ఉంటాడు. లేకపోతే సెలవుమీద. లేకపోతే చీటీమీద ముద్ర లేదంటాడు. ముద్ర ఉందా, ఉంది, సార్ ఊది మరీ ఆరబెట్టాడు, నేను చూశాను. చౌరస్తాలో పోలీసులు ఆపితే? సీసాలో ఏంది అంటే ఇన్నయ్య ఏం చెప్తాడు, మత్తుమందు అంటాడు, ఉన్నమాటే చెప్తాడు, తీసుకుపోయి కూర్చోబెడతారు. కప్పలకు సార్ అంటే మరీ తంతారు. ఇద్దరు పిల్లల తండ్రి. అతన్ని నేనే పంపాను. సార్ చీటీ రాశాడు గానీ అవసరం పెట్టింది నేను, తప్పు నాది, మొత్తం ఈ పొద్దు జరుగుతున్నదంతా నాదే.

ఆ తప్పు ఇది. ఏడు నెలల కింద, గొడవలు మొదలైన వారానికే, ఈ బిల్డింగు వెనక అద్దాలు రెండు పగిలాయి. అల్మరాలో క్లోరోఫారం పెద్ద సీసా ఉంది, గోధుమరంగుది, నిండుగా. ఒక్క రాయి వచ్చి దానికి తగిలితే? కిరసనాయిలులాగా అంటుకుంటుందనుకున్నాను నేను. అంటుకోదట, పొద్దున సార్ చెప్పాడు. అంటుకుంటే గోడ అవతల కుందేళ్ళు, గినీపిగ్గులు, ఎలుకలు, అన్నీ పంజరాల్లో. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లారి వచ్చి, మా అమ్మ చేసే పనే చేశాను. మా అమ్మ ఊళ్ళో విత్తనాలు ఎన్నడూ ఒకే కుండలో పెట్టలేదు, మూడు కుండల్లో పోసి మూడు మూలల పెట్టేది, ఎలుక ఒకటి కొట్టినా రెండు మిగులుతాయి. నేను ఇంటినుంచి తేనె సీసా, టానిక్కు సీసా, సిరాబుడ్డి కడిగి ఆరబెట్టి తెచ్చి, మందును మూడింటిలో పోసి, ఒకటి కుందేళ్ళ గడ్డిలో, ఒకటి కిటికీ అరుగుమీద, ఒకటి రేకుపెట్టెలో దాచాను. మూతలు గట్టిగానే బిగించాను. పెద్ద సీసా ఖాళీది అల్మరాలోనే పెట్టి తాళం వేశాను. ఎవరికీ చెప్పలేదు, చెప్పితే దాచినట్టు ఎట్లా అవుతుంది. సీసా రంగు గోధుమరంగులో ఎందుకుందో నాకేం తెలుసు. అందంకోసం అనుకున్నాను. వెలుతురు తగిలితే మందు చెడుతుందట, మూతల్లోని రబ్బరును అదే తినేస్తుందట, సందు దొరికితే గాలిలో కలుస్తుందట. ఏడు నెలలు ప్రాక్టికల్ జరగలేదు, ఎవరూ చూడలేదు. మా అమ్మ విత్తనాలు వెలుతురుకు చెడలేదు. నాకు తెలిసిన దాచుకోవడం అదొక్కటే.

ఈ పొద్దు తొమ్మిదింటికి తీసి చూస్తే తేనె సీసాలో తడి లేదు. సిరాబుడ్డి అడుగున చెంచాడు. టానిక్కు సీసాలో సగం ఉంది గానీ ఆ తియ్యటి వాసన పోయి ముక్కును పొడుస్తోంది. అయినా దూదికి పట్టించాను, జాడీ మూత వేసి నిమిషాలు లెక్కపెట్టాను, పది, పదిహేను. ఒకదాన్ని తీసి కంటిని తాకాను. దిగింది. రెండోది, దిగింది. మూడు, నాలుగు. పిల్లలు అప్పటికే మెట్లమీదకు వచ్చేశారు, అమృత గొంతు కూడా వినిపించింది, ఎవరితోనో గుండెకు పోయే నరం పేరు అప్పజెప్పుతోంది. అప్పుడు నా చేతిలో సుద్ద ఉంది. ఇరవై నాలుగు టిక్కులు పెట్టడానికి రెండు నిమిషాలు చాలు. ఎవరికీ తెలియదు. సూదులు గుచ్చితే అవి కదలవు, కదిలినా నరాల కదలిక అంటారు, పిల్లలకు ఏడాది దక్కుతుంది, నా మూడు సీసాల సంగతి నాతోనే పోతుంది. రాత్రి అమృత చెప్పు విప్పుతూ అన్నది, ఈసారి కూడా ఆగిపోతే నేను ఇంక చదవనమ్మా, ఏదన్న ఆఫీసుల టైపు కొట్టుకుంట. అరిచి చెప్పలేదు, మెల్లగా చెప్పింది, అరిచి చెప్పిన మాటలు మా ఇంట్లో నిలబడవు, ఇట్లా చెప్పినవే నిలబడతాయి. అదంతా నా చెవిలో ఉంది. ఉండగానే సుద్దను కొంగున ముడివేసుకుని, గది తాళం వేసి, సార్ గదికి పోయాను.

అక్కడ కొండలరావు గారు కూడా ఉన్నారు. సార్‌తో ఒంటరిగా చెప్పే వీలు లేకపోయింది, ఇద్దరిముందూ చెప్పాను, మూడు సీసాలూ ఎక్కడెక్కడ పెట్టానో, ఎందుకు పెట్టానో. సార్ కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. కొండలరావు గారు చెడ్డమనిషి కాదు, నిన్న వచ్చినప్పుడు గినీపిగ్గు పిల్లను అరచేతిలో పెట్టుకుని దాని మీసాలు లెక్కపెట్టాడు. ఆయనకూ భయమే, చీకటిపడితే ఈ ఊళ్ళో ఏమవుతుందోనని, వెలుతురుండగానే రైలెక్కాలని. భయపడే మనిషిని నేను నడకలోనే గుర్తుపడతాను. ఆయన నెమ్మదిగానే అన్నాడు.

"కప్పేగదమ్మా. నువ్వు వదిలేస్తే రేపు చెరువులో పాము మింగుతుంది. దానికెవరు మందిస్తారు?"

నాకు జవాబు వస్తుందని నేను అనుకోలేదు.

"పాముకు మందు దొరకదు సార్. మనకు హబ్సిగూడల దొరుకుతది, గంట ఆగితే."

సార్ తల వంచుకున్నాడు, నవ్వాడో ఏమో. చీటీ రాసి ఇన్నయ్యను పిలిచాడు. బయటికి వచ్చాక నా పక్కన నడుస్తూ, ఇరవై నలుగురు పిల్లోళ్ళ సంవత్సరం సారలమ్మా, తాళం నీ దగ్గరుండాది, నేను అడగను, నువ్వు ఇయ్యొద్దు అన్నాడు. అడగను అన్నాడంటే అడగాలని ఉందన్నమాట.

పదీ యాభై. ఎండ మూడో మెట్టు మీదికి వచ్చింది, అమృత జరగలేదు. ఆమె పక్కనున్న పొడుగు పిల్లవాడు లేచి వచ్చి, పెద్దమ్మా తాళం ఇయ్యి, పాపం మాకు తగిలితది తియ్యి అన్నాడు నవ్వుతూ, నవ్వులో ఏడుపు ఉంది. అతనిది గోల్నాక, నాయన లేడు, అన్న చదివిస్తున్నాడు, నాకు తెలుసు, ఇక్కడ ఒక్కొక్కరిదీ నాకు తెలుసు, తెలియడమే కష్టం. తగిలేది మీకు కాదు బిడ్డా, దానికి అన్నాను. అతను నిలబడ్డాడు. పోయి కూర్చున్నాడు. వెనకనుంచి ఎవరో అన్నారు, ముసలామె బిడ్డ రాస్తుంటే తెలిసేది ఏడాది విలువ. అది అమృతకు వినిపించింది. నాకు వినిపించిందని ఆమెకు తెలిసింది. ఆమె డబ్బా మూత తెరిచి, మూసి, తెరిచి. నేను తాళంచెవిమీద చెయ్యి పెట్టుకున్నాను, తీయడానికి కాదు, అది అక్కడే ఉందో లేదో అని. మనసులో చూసుకున్నాను అమృతను, టైపుమిషను ముందు, ఏదో చీకటి ఆఫీసు, మెడ వంచి, పదేళ్ళు, ఇరవై ఏళ్ళు, జుట్టు నెరిసి, చేతివేళ్ళు వంకర తిరిగి. అంతా చూశాను, చివరిదాకా చూశాను, ఎప్పటిలాగే. చూసి కూడా లేవలేదు. ఎప్పుడూ ఇంతదాకా చూస్తే లేచి ఏదో ఒకటి చేసేదాన్ని, సీసాలు మార్చేదాన్ని, చుట్టు తిరిగి పోయేదాన్ని. ఈసారి కూర్చోవడమే నా పని. భయం వచ్చి నా పక్కన కూర్చుంది, అదీ నేనూ ఇద్దరం తలుపుకు వీపు ఆనించాం.

ఊరికే ఎందుకని గది పుస్తకం తెప్పించుకున్నాను. రోజూ ఎవరు తిన్నారు, ఎవరు తినలేదు, ఏ పంజరం కడిగాను అని రాసే పుస్తకం. సారే రాస్తానన్నాడు, నేనే రాస్తానన్నాను. ఐదో తరగతి అక్షరాలు, ఒత్తులు పక్క వరుసలోకి దిగిపోతాయి. మందు చెడిపోయినది. మూడు సీసలలో పోసి నేనే చెడగొట్టితిని. కప్పలకు చాలినంత బలము లేదు. పరీక్ష నేనే ఆపితిని. సారలమ్మ. రాశాక గుండె నెమ్మదించింది. ఇది చూసి పై వాళ్ళు నన్ను తీసేస్తే తీసేస్తారు, నాది ఇంకా పర్మనెంటు కాలేదు. తీసేస్తే నా తర్వాత వచ్చే మనిషి గోనెలు తడుపుతుందా. ఆమెకు చెప్పిపోవాలి, మూడో పంజరం కుందేలు పళ్ళు నెలకోసారి చూడమని.

పదకొండు. అయిదు. ఎనిమిది. కొండలరావు గారు వరండా చివర కాగితం మోకాలిమీద పెట్టుకుని కలం మూత తీశాడు. పదకొండూ పదికి చెట్లకింద ఎవరో పరుగెత్తుతున్నట్టు కనబడింది. సైకిలు లేదు. ఇన్నయ్యే. ఒక చెయ్యి ఊపుతున్నాడు, ఇంకో చెయ్యి రొమ్ముమీద, తువ్వాల మెడనుంచి జోలె కట్టుకుని. చేతులనిండా గ్రీజు. సైకిలు తార్నాక చౌరస్తాలో పాన్ డబ్బా దగ్గర పడేసి పరుగెత్తి వచ్చాడట. చైను తెగిపోయింది, ఊడిపోలేదు. అది నేను అనుకోలేదు. ఇంత అనుకునేదాన్ని, తెగుతుందని ఒక్కసారీ అనుకోలేదు.

"పసిపిల్ల ఏడ్వలేదక్కా దారిపొంటి" అని నా చేతిలో పెట్టి గోడకు చతికిలబడ్డాడు.

తాళం తీశాను. గోధుమరంగు సీసా, మూత తీయగానే ఆ తియ్యటి వాసన. దూది, జాడీలు, ఆరు జాడీలూ ఒకేసారి. కొండలరావు గారు గడపదాకా వచ్చి నిలబడ్డాడు, గడియారం చూసుకుని కలం జేబులో పెట్టుకున్నాడు. మొదటిది వెల్లకిలా పెట్టాను, తిరగలేదు. వేలు నొక్కాను. కంటిని తాకాను. నిలిచిన నీళ్ళలాగా ఉంది, ఏమీ దిగలేదు, ఏమీ లేవలేదు. కొంగుముడి విప్పి సుద్ద తీసి టిక్కు పెట్టాను. ఒకటో నంబరు ట్రే పోయింది. రెండు. మూడు. నాలుగు. పిల్లలు వరసగా వచ్చి ఎత్తుకుపోతున్నారు, హాల్లో స్టూళ్ళు జరుగుతున్న చప్పుడు. గోల్నాక పిల్లవాడిది తొమ్మిది, ట్రే అందుకుంటూ టిక్కును చూశాడు, నన్ను చూశాడు. పదహారు. పదిహేడు.

పదిహేడు అమృతది. పెద్ద కప్ప, ఆడది, వీపుమీద పచ్చటి గీత. వెల్లకిలా ఉంది, తిరగలేదు. వేలు నొక్కితే కదలలేదు. చిటికెనవేలు తడి చేసుకుని తాకాను. కన్ను దిగింది. కొంచెమే, నువ్వుగింజంత. కిందినుంచి తెర సగందాకా లేచి ఆగింది. నాకు తప్ప ఎవరికీ కనిపించదు. మళ్ళీ జాడీలో పెట్టి మూత వేశాను. పద్దెనిమిది పోయింది, పంతొమ్మిది, ఇరవై నాలుగు దాకా పోయాయి. హాల్లో కత్తెరల చప్పుడు మొదలైంది. అందరూ మొదలుపెట్టారు, అమృత ఒక్కతే తన బల్ల దగ్గర ఖాళీ చేతులతో నిలబడి ఉంది. తీశాను. తాకాను. ఇంకా ఉంది. ఇంత మందికి పట్టిన మందు దీనికి ఎందుకు పట్టలేదు, నా కూతురిదే ఎందుకు కావాలి. సుద్ద చేతిలోనే ఉంది.

"పదిహేడు ఏదమ్మా, ఆ అమ్మాయి ఊరికే నిలబడింది" అన్నాడు కొండలరావు గారు. ఆయన గొంతులో కోపం లేదు, గడియారం ఉంది.

నేను జవాబు చెప్పేలోపల అమృత గడప దగ్గరకు వచ్చింది. నన్ను అడగలేదు. చిటికెనవేలు నాలుకకు తాకించుకుని, నా చేతికిందుగా చెయ్యి పోనిచ్చి, ఆ కంటిని తాకింది. వంగి చూసింది. ఆమె ఊపిరి నా మణికట్టుకు తగిలింది. తర్వాత లేచి, హాల్లో అందరికీ వినిపించేటట్టే చెప్పింది.

"ఇంక ఆడుతున్నది సార్. మా అమ్మ టిక్కు పెట్టలే. నేను ఆగుత."

 కప్పను మళ్ళీ జాడీలో పెట్టాను. మూతమీద అమృత చెయ్యి, దానిమీద నా చెయ్యి, ఇద్దరం నిమిషాలు లెక్కపెట్టుకుంటున్నాం, పెదవులు కదిలిస్తూ, ఒకే అంకె. నా రెండో చేతిలో సుద్దముక్క అరిగి గోరంత అయింది. ఒక్క టిక్కుకు వస్తుందో రాదో.